చూచినది చెప్పుట, చెప్పినది గీయించుట

రేడియో ముందు కూర్చుండువారికి ఒక విద్య తమకు తెలియకయే అలవడియుండును. అది వినుచు చూచు విద్య. తిరునాళ్లను గాని, ఊరేగింపును గాని, ఆటల పోటీని గాని వ్యాఖ్యాత మాటలలో చెప్పుచుండగా ఇంటిలోని ప్రతివారును మనస్సులో ఒక చిత్రమును గీసికొందురు. వ్యాఖ్యాత సమర్థుడైనచో పదిమంది గీసికొన్న పది చిత్రములును చాలవఱకు ఒకటిగా నుండును. "జనము విశేషముగా నున్నారు, దృశ్యము మిక్కిలి మనోహరముగా నున్నది" అని మాత్రమే చెప్పి ఊరకుండెనా, పదిమంది పది వేర్వేరు తిరునాళ్లను చూతురు.

ఈనాడు మన మాటలను గ్రహించి బొమ్మను గీయు యంత్రములు వచ్చినవి. పిల్లల చేతులలోని ఫోనులయందే అవి లభించుచున్నవి. పెండ్లి పత్రికలమీదను, పండుగ శుభాకాంక్షలలోను వాని బొమ్మలు కనబడుచున్నవి. యంత్రమునకు మన మిచ్చు మాటలను ప్రాంప్టు అందురు. మన చేతనున్న ఒక ఛాయాచిత్రమును చూచి, అందలి విషయములను క్రమముగా మాటలలోనికి మార్చి, ఆ మాటలతో క్రొత్త బొమ్మను గీయించుట యెట్లు? అందు మనము జాగ్రత్తపడవలసిన దేమి? ఈ రెండు విషయములను ఇక్కడ చెప్పదలచితిమి.

మొదట యంత్రము చదువుకొన్న తీరును తెలిసికొందము. 2021 జనవరిలో ఓపెన్ ఏఐ అను అమెరికా సంస్థ క్లిప్ అను పద్ధతిని ప్రకటించినది. 40 కోట్ల బొమ్మలను, వానితో జతపడిన మాటలను కలిపి చూపి, ఏ బొమ్మకు ఏ మాట తగునో కనుగొనుట దానికి నేర్పిరి. 2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ అను చిత్రకార యంత్రము వెలువడినది. ఎవరైనను తమ కంప్యూటరునందు నడుపుకొనుటకు వీలగునట్లు దానిని విడుదల చేసిరి. దాని చదువునకు ఆధారమైన లయాన్-5బి అను సంగ్రహములో 585 కోట్ల బొమ్మ-మాట జతలున్నవి. అందులో 230 కోట్లకు పైబడినవి ఒక్క ఆంగ్లభాషవే. నూరుకు మించిన ఇతర భాషలన్నియు కలిసి దాదాపు అంతే భాగమును పంచుకొనవలసివచ్చినది. మన ఊరి బండిని గూర్చి, మన పండుగను గూర్చి యంత్రమునకు తెలిసినది స్వల్పమగుటకు మూలకారణ మిచటనే కలదు.

ఇక అది గీయు విధము. స్టేషను దొరకనపుడు రేడియోలో వినవచ్చు గరగర ధ్వని మీ కందఱకు తెలిసినదే. ముల్లును మెల్లగా త్రిప్పుచు పోగా, ఆ గరగరనుండి ఒక గొంతు క్రమముగా విడివడి స్పష్టమగును. చాల యంత్రములు బొమ్మను గీయుట ఇంచుమించుగా నిట్లే. శిక్షణకాలమున మంచి బొమ్మలపై అర్థము లేని చుక్కలను చల్లి, ఆ చుక్కలను తొలగించుట వానికి నేర్పుదురు. తరువాత వట్టి చుక్కలతోనే ఆరంభించి, మన మాటలు చూపిన దారిని చుక్కలను కొంచెము కొంచెముగా సవరించుచు పోగా బొమ్మ తేలును. మాట స్పష్టముగానున్నచో ముల్లు సరియైన చోట నిలుచును. మాట అస్పష్టమైనచో యంత్రము తాను మిక్కిలి తఱచుగా చూచిన బొమ్మవైపునకు జారిపోవును.

బొమ్మనుండి మాటలను రాబట్టు పనిని సైతము యంత్రములు చేయుచున్నవి. 2023 ఏప్రిల్‌లో మిడ్‌జర్నీ అను సంస్థ ఒక సదుపాయమును ప్రవేశపెట్టినది. బొమ్మ నిచ్చినచో దానికి తగిన నాలుగు ప్రాంప్టులను అది వ్రాసి యిచ్చును. ఈనాడు ఇట్టి పని చేయు సాధనములు పెక్కు లున్నవి. ఛాయాచిత్రమునే నేరుగా యంత్రమున కిచ్చి "ఇట్టిదానిని గీయుము" అని అడుగవచ్చును గదా, మాటల శ్రమ యెందుకని మీరు ప్రశ్నింపవచ్చును. నిజమే, అట్లును చేయవచ్చును. కాని అప్పుడు బొమ్మలో ఏది ముఖ్యమో, ఏది యాదృచ్ఛికమో యంత్రమే నిర్ణయించుకొనును. మాటలలో పెట్టినపుడు ఆ నిర్ణయము మన చేతిలో నుండును. ఏది నిలుపవలయునో, ఏది మార్చవలయునో వేఱువేఱుగా చెప్పవచ్చును.

మా అనుభవములోని ఒక సంగతిని మనవి చేసెదము. బోధను సమీపమున ఒక గ్రామములో మా కెఱిగిన కుటుంబము కలదు. మంజీరపై 1923 మొదలు 1931 వఱకు నిజాంసాగరమును కట్టిరి. దాని కాలువ నీటితో ఈ ప్రాంతమున చెరకు విస్తరించినది. 1937లో బోధను శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. ఆ చెరకును పండించిన వేలాది కుటుంబములలో వీరిదొకటి. వారి పెట్టెలో ఒక నలుపు తెలుపు ఛాయాచిత్ర మున్నది. చెరకుబండ్లు వరుసగా నిలిచియున్నవి. దూరమున ఒక పొగగొట్టము. ముందు బండి దగ్గఱ ఇద్దరు మనుష్యులు. హైదరాబాదులో చదువుకొనుచున్న మనుమడు దానిని ఫోనులోనికి ఎక్కించి, ఏమున్నదో వర్ణింపుమని యంత్రము నడిగెను. వచ్చిన వర్ణన యిది: సాయంకాలపు బంగారు వెలుగులో ఒక భారతీయ గ్రామము, గడ్డి మోయు ఎడ్లబండ్లు, శాలువలు కప్పుకొన్న రైతులు, ప్రశాంతమైన అందమైన వాతావరణము.

రంగులే లేని చిత్రములో బంగారు వెలుగు ఎక్కడనుండి వచ్చినదో ఆలోచింపుడు. ఆ మాటలతోనే బొమ్మను గీయింపగా కొబ్బరిచెట్లు, ఎఱ్ఱని సూర్యబింబము, తెల్లని ఎద్దులు, నవ్వుచున్న రైతులు వచ్చిరి. పొగగొట్టము మాయమైనది. బొమ్మ ముచ్చటగానే యున్నది. బోధను మాత్రము అందులో లేదు.

అప్పుడు తాతగారు ఛాయాచిత్రమును చేతికి తీసికొనిరి. "ఇది పొద్దుగూకంగ తీసింది గాదు బిడ్డా, తెల్లారంగ తీసింది. పొద్దుగాల వంతు దొరుకుతదని రాత్రే బండి కట్టుకొని పోయెటోళ్లం. చలికాలం. అవి శాలువలా? గొంగళ్లు. బండిల ఉన్నది గడ్డి గాదు, ఆకు దీసిన చెరుకు." ఒక్క నిమిషములో మూడు తప్పులు దిద్దబడినవి. ఆ మూడింటిలో రెండు, అనగా చెరకును గొంగడియు, శ్రద్ధగా చూచినచో చిత్రములోనే తెలియునవి. తెల్లవారినదా, ప్రొద్దుగ్రుంకినదా యనునది మాత్రము చిత్రమున ఎంత వెదకినను దొరకదు. దానిని తెలిసినవారే చెప్పవలయును.

ఆ దినమున మనుమడు, తాతగారు, మేము కలిసి కూర్చుండి ఆ చిత్రమును భాగములుగా విడదీసి వ్రాసితిమి. మా పట్టిక యిట్లున్నది.

వస్తువు: ఒక ఎడ్లబండి, దాని వెనుక అట్టివే మఱి నాలుగు, ఒకే వరుసలో.

వివరము: ఆకు తీసిన చెరకుగడలు బండి పొడవునకు పేర్చి త్రాళ్లతో బిగించినవి, గడల కొనలు బండి వెనుకకు మూరెడు పొడుచుకొని వచ్చినవి, కఱ్ఱ చక్రములకు ఇనుప పట్టాలు.

మనుష్యులు: ఇద్దరు పురుషులు. ఒకరు నిలిచి ఎద్దు మెడపై చేయి వేసియున్నారు, మఱొకరు నేలపై గొంతుకు కూర్చున్నారు. ఇద్దరికిని తలనుండి మోకాళ్లవఱకు ముతక ఉన్ని నల్లగొంగడి.

స్థలము: చెట్లు లేని బయలు, మట్టిబాట, దూరమున ఎడమవైపు ఒక ఎత్తైన పొగగొట్టము, పొగ కుడివైపునకు వాలుచున్నది.

కూర్పు: మనిషి కంటి ఎత్తునుండి చూచినట్లు, ముందుబండి చిత్రమునందు కుడి సగమును ఆక్రమించినది, మిగిలిన వరుస ఎడమకు పోను పోను చిన్నదగుచున్నది.

వెలుగు: చలికాలపు వేకువ, సూర్యుడింకను కనబడలేదు, పలుచని మంచు, నీడలు లేవు.

మాధ్యమము: నలుపు తెలుపు ఛాయాచిత్రము, గరుకైన రేణువులు, అంచులు వెలిసినవి.

ఇట్లు పేరు పేరునను విభజించి చెప్పిన ప్రాంప్టును నిర్మిత ప్రాంప్టు అనవచ్చును. కంప్యూటరు వృత్తిలోనివారు దీనినే జేసన్ అను రూపమున, కుండలీకరణములలో పేరును విలువను జతపఱచి వ్రాయుదురు. ఆ రూపము తప్పనిసరి కాదు. దీనివలన కలుగు ముఖ్యప్రయోజనము వ్రాయువానికే. ఒక గడి ఖాళీగా నున్నచో మనము చూడక విడిచిన దేదో మనకే తెలిసిపోవును. బొమ్మ తప్పుగా వచ్చినపుడు ఏ గడిని సవరింపవలయునో వెంటనే తెలియును. "అందమైన", "అద్భుతమైన", "సంప్రదాయమైన" అను మాటలకు ఈ పట్టికలో చోటు దొరకదు. వానికి తగిన గడియే లేదు. బొమ్మను చెడగొట్టునవి తఱచుగా ఆ మాటలే.

మా రెండవ బొమ్మ మొదటిదానికన్న ఎంతయో మెఱుగుపడినది. ఐనను చెరకుగడలు వెదురుబొంగులవలె వచ్చినవి. అప్పుడు వివరమను గడిలో మాత్రము, "బొటనవ్రేలికన్న కొంచెము లావైన గడలు, జానెడుకన్న తక్కువ దూరమునకొక కణుపు" అని చేర్చితిమి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయవలయును. నాలుగు గడులను ఒకేసారి మార్చినచో దేనివలన మేలు కలిగినదో తెలియదు. పెక్కు యంత్రములలో ఆరంభపు చుక్కలను నిర్ణయించు ఒక సంఖ్య యుండును. దానిని సీడ్ అందురు. ఆ సంఖ్యను మార్చక నిలిపినచో, బొమ్మలో వచ్చిన భేదము మన మాటవలననే వచ్చినదని నమ్మవచ్చును.

మఱి రెండు మెలకువలను చెప్పెదము. "కొబ్బరిచెట్లు వలదు" అని వ్రాసినచో కొన్ని యంత్రములు "వలదు" అనుదానిని విడిచి కొబ్బరిచెట్లనే పట్టుకొనును. వలదన్నవాని కొఱకు ప్రత్యేకమైన గడి కలిగిన యంత్రములో వానిని అచ్చట వ్రాయవచ్చును. అట్టి గడి లేనిచో ఉన్నదానినే చెప్పుట మేలు. అందువలననే మేము "చెట్లు లేని బయలు" అనుటకు ముందు "దుమ్ము రేగిన చదునైన నేల" అని కూడ చేర్చితిమి. రెండవది, ముఖ్యమైనదానిని ముందుగా చెప్పవలయును. మొదటి స్టేబుల్ డిఫ్యూజన్ వాడిన క్లిప్ భాగము 77 మాటముక్కలకు మించి చదువలేకుండెడిది. ఆపైన వ్రాసినది దాని చెవికి ఎక్కెడిది కాదు. తరువాతి యంత్రములు దీర్ఘమైన వర్ణనలను చదువగలవు. ఐనను ముఖ్యవస్తువును చివర దాచుట మంచి అలవాటు కాదు.

మన పేర్లు యంత్రమునకు తెలియనపుడేమి చేయవలయును? బతుకమ్మ దీనికి మంచి ఉదాహరణము. ఇందూరు జిల్లాలో ఏ బాలిక నడిగినను బతుకమ్మను చేతులతో చూపగలదు. యంత్రమునకు ఆ పేరు మాత్రమే చెప్పినచో ముగ్గునో, దేవతావిగ్రహమునో గీసి యిచ్చుట అసంభవము కాదు. కనుక పేరుతో పాటు ఆకారమును చెప్పవలయును. వెడల్పైన తాంబాళము, దానిపై వలయములు వలయములుగా పేర్చిన పూలు, పైకి పోను పోను సన్నగిల్లు శిఖరాకృతి, ఒక వరుస పసుపుపచ్చని తంగేడు, ఒక వరుస కుచ్చువలె నిలిచిన గునుగు, కొంత తెల్లనిది, కొంత రంగులద్దినది, కొనయందు పసుపుతో చేసిన గౌరమ్మ. ఇట్లు చెప్పినచో ఆ పండుగను ఎన్నడును చూడనివారు సైతము గీయగలరు. పేరును తీసివేయరాదు. పేరును నిలిపి, ప్రక్కనే రూపమును చెప్పవలయును. పేరు మనది, రూపవర్ణనము పరాయివానికొఱకు.

ఆలోచించినచో ఇది మనకు క్రొత్తది కాదు. మన దేవతల ధ్యానశ్లోకములన్నియు ఇట్టి పట్టికలే. దేవత వర్ణమేమి, చేతులెన్ని, ఏ చేతిలో ఏ ఆయుధము, వాహన మెయ్యది, కూర్చున్నదా నిలిచినదా యని అవి వరుసగా చెప్పును. శిల్పశాస్త్రము దీనికి తాళమానమును జోడించి, ముఖము పొడవునుబట్టి దేహమంతటికి కొలతలు కట్టినది. శిల్పి తాను చూడని దేవతను ఆ మాటలనుబట్టి మలచెను. వేఱువేఱు దేశములలో, వేఱువేఱు శతాబ్దములలో మలచిన విగ్రహములను మనము నేటికిని చూచిన వెంటనే గుర్తించుచున్నాము. డిచ్‌పల్లి గుట్టమీది రామాలయపు గోడలను చూచినవారికి మఱొకటియు తెలియును. శాస్త్రము చెప్పినది కొంత, శిల్పి తన కన్నులతో చూచి చేర్చినది మఱికొంత. రెండవది లేనిచో రాయికి ప్రాణము రాదు. యంత్రమునకు ఆ రెండవది లేదు. దానిని మనమే మాటలలో సమకూర్పవలయును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయమునకు వచ్చెదము. శక్కర్‌నగర్ కర్మాగారము 2015 డిసెంబరులో మూతపడినది. ఆ తరువాత పుట్టిన పిల్లలు ఆ పొగగొట్టమునుండి పొగ వెలువడుటను చూచియుండలేదు. వారికి చెరకుబండ్ల వరుస యన్న ఎట్లుండునో బొమ్మలే చెప్పవలయును. ఇట్టి పరిస్థితిలో మేము గీయించిన బొమ్మను "పాత బోధను" అని పేరు పెట్టి ఫోనులో ఒకరికి పంపితిమనుకొనుడు. వారు మఱొకరికి పంపుదురు. మూడవ చేతికి చేరునప్పటికి అది సాక్ష్యమగును. నాలుగవ చేతిలో అసలు ఛాయాచిత్రమే అనుమానాస్పదమగును, ఏలయనగా గీయించినది దానికన్న స్పష్టముగా నుండును.

దీనికి మేము పాటించిన ఉపాయ మొకటి కలదు. పట్టికలోని ప్రతి విషయము ప్రక్కను మూడు మాటలలో నొకటి వ్రాసితిమి: కనబడినది, తెలిసినది, ఊహించినది. బండ్లు ఐదు, ఇది కనబడినది. వేకువ సమయము, ఇది తాతగారివలన తెలిసినది. ఎద్దుల రంగు, మట్టి ఎఱుపు, ఇవి ఊహించినవి. బొమ్మకు రంగులు వేయింపదలచినచో ఊహల సంఖ్య ఎట్లు పెరుగునో ఈ గుర్తులే చూపును. నలుపు తెలుపుగానే ఉంచుదమని మనుమడు తానే నిర్ణయించుకొనెను. బొమ్మ క్రింద "పాత ఛాయాచిత్రము ఆధారముగా యంత్రముచే గీయింపబడినది" అని వ్రాసెను. ఛాయాచిత్రములోని ఆ ఇద్దరి ముఖములను వర్ణింపలేదు. వారిలో ఒకరు తాతగారి అన్నగారు. రెండవవారి కుటుంబమును అడుగకుండ వారి ముఖమును యంత్రమున కప్పగించుట తగదని తాతగారు చెప్పిరి. ఇరుగుపొరుగు పిల్లల చిత్రములను యంత్రములకిచ్చువా రందఱును ఈ మాటను గుర్తుంచుకొనవలయును.

మీ యింటిలో చేయదగిన చిన్న పరీక్షను చెప్పి ముగించెదము. దీనికి ఫోను సైతము అక్కఱలేదు. ఒక పాత ఛాయాచిత్రమును తీసికొనుడు. ఇంటిలో ఒకరు దానిని చూచుచు, రేడియో వ్యాఖ్యాతవలె మాటలలో చెప్పవలయును. దానిని చూడని మఱొకరు వినుచు కాగితముపై గీయవలయును. ఎవరెక్కడ నిలిచినారు, వెలుగు ఏ వైపునుండి వచ్చుచున్నది, వెనుక ఏమున్నది అను ప్రశ్నలు వరుసగా పుట్టును. వానికి సమాధానములను ఇంటిలోని పెద్దవారిని అడిగి వ్రాసికొనుడు. గీసినవాని బొమ్మ వంకరగానున్నను చింతలేదు. ఆ వర్ణనమునే సరిచేసి యంత్రమున కిచ్చినచో మంచి ప్రాంప్టగును.

బోధను తాతగారి ఛాయాచిత్రము నేడు ఒక క్రొత్త కవరులో నున్నది. దానితో పాటు మడిచిన కాగిత మొకటి కలదు. అందు బండ్ల సంఖ్య, ఋతువు, వేళ, గొంగళ్లు, గుర్తించిన ఒకరి పేరు, మూడు విధములైన ఆ గుర్తులు ఉన్నవి. యంత్రము గీసిన బొమ్మ ఫోనులో ఎక్కడనో యున్నది. ఫోను మారినపుడు అది పోవచ్చును. కాగితమును మాత్రము తాతగారు ఒకసారి చదివించుకొని విని, "ఇంకొకటి రాయి బిడ్డా, ముందు బండి మనదే" అని చెప్పిరి. అంతవఱకు ఆ సంగతి ఇంటిలో ఎవరికిని తెలియదు.